హరికేన్ తీరానికి కొత్తగా వచ్చినవారికి: ఏ పని, ఎప్పుడు, ఏ వరుసలో

హ్యూస్టన్, టాంపా, మయామీ, న్యూ ఆర్లీన్స్ వైపు ఉద్యోగం వచ్చి కొత్తగా దిగిన మనవాళ్లు జూన్ వస్తే చాలు, అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎన్నో కేటగిరీ (గాలి వేగాన్ని బట్టి తుఫానుకు ఇచ్చే 1 నుంచి 5 దాకా అంకె) అయితే ఇల్లు వదలాలి? ఏమేం కొనాలి? జనరేటర్ తీసుకోవాలా? వీటన్నిటికీ జవాబులున్నాయి. కానీ వీటికన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: నా ఇల్లు ఏ జోన్‌లో ఉంది, వెళ్లాల్సి వస్తే ఎవరింటికి లేదా ఏ ఊరికి వెళతాను. తుఫాను లేని రోజున తీరిగ్గా కూర్చుని ఈ రెండూ కాగితం మీద రాసిపెట్టుకున్న కుటుంబానికి సీజన్‌లో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆంధ్ర తీరంలో తుఫాను వస్తుంటే అధికారులు ఊళ్లోకి వచ్చి జనాన్ని షెల్టర్లకు తరలిస్తారు. అమెరికాలో ఆర్డర్ మాత్రం ఇస్తారు, కారు తీసి బయల్దేరాల్సింది మీరే. ఈ తేడా మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా ఉధృతి ఎక్కువ. కింద ఉన్నవన్నీ చేయాల్సిన వరుసలోనే ఉన్నాయి. సీజన్ మధ్యలో దిగినవాళ్లు మొదటి మూడు పనులు ఈ వారాంతంలోనే పూర్తిచేయండి.

## 1. మీ జోన్ ఏదో తెలుసుకోండి

ఒకే అడ్రసుకు ఇక్కడ రెండు వేర్వేరు జోన్‌లు ఉంటాయి. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

మొదటిది ఎవాక్యుయేషన్ జోన్. స్టార్మ్ సర్జ్, అంటే ఉప్పెన, మీ ఇంటిదాకా వచ్చే ప్రమాదం ఎంత ఉందో చూసి దీన్ని నిర్ణయిస్తారు. ఫ్లోరిడాలో వీటికి ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి. ఏ జోన్ వాళ్లు అందరికన్నా ముందు ఖాళీ చేయాలి. హ్యూస్టన్-గాల్వెస్టన్ ప్రాంతంలో జిప్ కోడ్‌ల వారీగా కోస్టల్, ఏ, బీ, సీ అని విభజించారు. తుఫాను సమయంలో టీవీలో "జోన్ ఏ, బీ ఖాళీ చేయండి" అని వినిపించేది ఈ జోన్ గురించే.

రెండోది ఫ్లడ్ జోన్. ఇది ఫెమా (విపత్తుల సహాయం చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) మ్యాప్‌లో ఉంటుంది. ఇన్సూరెన్స్‌కీ, ఇంటి లోన్‌కీ దీన్ని చూస్తారు. "మన ఇల్లు ఫ్లడ్ జోన్‌లో లేదండీ" అని రియల్టర్ చెప్పిన మాట ఈ రెండోదాని గురించి. ఫ్లడ్ జోన్ ఎక్స్‌లో, అంటే తక్కువ ముప్పు ఉన్న చోట ఉన్న ఇల్లు కూడా ఎవాక్యుయేషన్ జోన్ ఏ లేదా బీలో ఉండొచ్చు. ఒకటి చూసుకుని రెండోదాని సంగతి తేలిపోయిందనుకోకండి.

కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొడితే ఎవాక్యుయేషన్ జోన్ వస్తుంది. ఫెమా ఫ్లడ్ మ్యాప్ సైట్‌లో రెండోది వస్తుంది. పది నిమిషాల పని.

ఏ జోన్‌లోనూ లేకపోతే ముప్పు లేదని కాదు. 2017లో హార్వీ 4వ కేటగిరీ హరికేన్‌గా టెక్సాస్‌లోని రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్‌ను ముంచేనాటికి దానికి హరికేన్ బలం కూడా లేదు. అయినా రోజుల తరబడి కురిసిన వానకు ఎన్నో కాలనీలు మునిగాయి, నెదర్లాండ్ అనే ఊళ్లో 60 అంగుళాలకు పైగా కురిసింది. అందుకే ఇంటి పక్క బాయూ (నెమ్మదిగా పారే వాగు), కాలువ, రిటెన్షన్ పాండ్ (వాన నీరు నిలవచేసే చెరువు) ఎక్కడున్నాయో కూడా చూసుకోండి.

ఒక కాగితం మీద ఇవి రాసి ఫ్రిజ్‌కు అంటించండి:

- ఎవాక్యుయేషన్ జోన్ అక్షరం
- ఫెమా ఫ్లడ్ జోన్
- ఇంటికి దగ్గరున్న కాలువ లేదా బాయూ పేరు
- బయటికి వెళ్లే దారిలో వానకు మునిగే అండర్‌పాస్‌లు (పక్కింటివాళ్లను అడిగితే చెబుతారు)
- ఇల్లు ఏ తరహాది: సొంత ఇల్లు, అపార్ట్‌మెంట్ ఎన్నో అంతస్తు, మొబైల్ హోమ్ (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి నిలిపిన తేలికపాటి ఇల్లు)

మొబైల్ హోమ్‌లో ఉంటున్నవాళ్లకు ఒకటే దారి: జోన్ ఏదైనా సరే, ఆర్డర్ వచ్చిన వెంటనే వెళ్లిపోవాలి. ఆ ఇళ్లు హరికేన్ గాలికి ఆగవు.

## 2. ఇన్సూరెన్స్ పని తుఫాను పుట్టకముందే చేయాలి

వాయిదా వేస్తే ఎక్కువ నష్టం చేసే పని ఇదే.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ బయటినుంచి వచ్చిన వరద నీటి నష్టానికి డబ్బు ఇవ్వదు. రెంటర్స్ పాలసీ కూడా అంతే. వరదకు విడిగా ఫ్లడ్ పాలసీ తీసుకోవాలి. ప్రభుత్వ పథకమైన ఎన్‌ఎఫ్‌ఐపీ కింద ఇంటి నిర్మాణానికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, లోపలి సామానుకు 1,00,000 డాలర్ల వరకు కవరేజ్ దొరుకుతుంది. ఈ పాలసీ కొన్నాక అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది. తుఫాను టీవీలో కనిపించాక కొంటే ఆ తుఫానుకు అక్కరకు రాదు. ఇల్లు కొనేటప్పుడు లోన్‌తో పాటే తీసుకుంటే ఈ నిరీక్షణ ఉండదు, కాబట్టి క్లోజింగ్ (ఇంటి కొనుగోలు పూర్తయ్యే రోజు) నాడే అడగండి.

అద్దెకున్నవాళ్లు కూడా సామాను కోసం మాత్రమే ఫ్లడ్ పాలసీ కొనుక్కోవచ్చు. కింది అంతస్తులో ఉంటే తప్పకుండా ఆలోచించండి.

హోమ్ పాలసీలో "హరికేన్ డిడక్టబుల్" అనే లైన్ వెతకండి. చాలాచోట్ల అది డాలర్లలో కాక శాతంలో ఉంటుంది. ఇంటి కవరేజ్ 4,00,000 డాలర్లు, డిడక్టబుల్ 2 శాతం అయితే, మొదటి 8,000 డాలర్లు మీ జేబులోంచే పోతాయి. ఆ మొత్తం చేతిలో ఉందా లేదా అన్నది ఇప్పుడే చూసుకోవాలి. టెక్సాస్ తీర కౌంటీల్లో గాలి నష్టానికి హోమ్ పాలసీలో కవరేజ్ లేకపోవచ్చు, విడిగా విండ్‌స్టార్మ్ పాలసీ కావాల్సి రావచ్చు. మీ ఏజెంట్‌ను సూటిగా అడగండి: "గాలికి ఏ పాలసీ, నీటికి ఏ పాలసీ?"

కారు మునిగితే డబ్బు రావాలంటే ఆటో పాలసీలో కాంప్రహెన్సివ్ కవరేజ్ ఉండాలి. లయబిలిటీ ఒక్కటే ఉన్న పాత కారుకు ఏమీ రాదు.

తుఫాను దగ్గరికి వచ్చాక కంపెనీలు కొత్త పాలసీలు రాయడం, ఉన్నవాటిలో కవరేజ్ పెంచడం ఆపేస్తాయి. ఈ పని మే నెలలో చేసేయండి.

చివరగా, ఫోన్‌తో ఇల్లంతా ఒక వీడియో తీయండి. ప్రతి గది, అల్మారాల లోపల, టీవీ వెనకున్న సీరియల్ నంబర్, ఏసీ, వాషింగ్ మెషీన్ అన్నీ రావాలి. దాన్ని క్లౌడ్‌లో దాచండి. క్లెయిమ్ వేసేటప్పుడు ఇంతకన్నా పనికొచ్చేది లేదు.

## 3. వెళ్లాలా, ఉండాలా: నిర్ణయం ఇప్పుడే

తుఫాను రెండు రోజుల దూరంలో ఉన్నప్పుడు ఇంట్లో తలో మాట మొదలవుతుంది. ఒకరు వెళ్దామంటారు, ఒకరు ఆఫీసు కాల్ ఉందంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు గంటకోసారి ఫోన్ చేస్తుంటారు. ఆ గందరగోళంలో తీసుకున్న నిర్ణయం సరిగ్గా ఉండదు. అందుకే నియమం ముందే రాసుకోండి.

నేను అందరికీ చెప్పే నియమం ఇది:

- మీ జోన్‌కు ఖాళీ చేయమని ఆర్డర్ వస్తే వెళ్లాలి. కేటగిరీ ఎంతన్నది చర్చకు రాకూడదు.
- జోన్‌లో లేకపోయినా, ఇంట్లో కరెంటు మీద ఆధారపడిన వైద్య పరికరం, నెలలు నిండిన గర్భిణి, మంచం పట్టిన పెద్దవాళ్లు ఉంటే వాలంటరీ దశలోనే (తప్పనిసరి ఆర్డర్‌కు ముందు, వెళ్లడం మంచిదని చెప్పే దశ) వెళ్లాలి.
- జోన్‌లో లేక, గట్టి ఇల్లయి, చుట్టూ వరద చరిత్ర లేకపోతే, వారం రోజులు కరెంటు లేకుండా ఉండగలిగేలా సిద్ధపడి ఇంట్లోనే ఉండాలి.

మూడో మాట కొందరికి వింతగా ఉంటుంది. 2005లో రీటా హరికేన్ వస్తోందని హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షల మంది ఒకేసారి రోడ్డెక్కారు. వెళ్లాల్సిన అవసరం లేనివాళ్లు కూడా బయల్దేరడంతో గంటల తరబడి హైవేలు కదల్లేదు. ఎండకు, ప్రమాదాలకు ఆ ప్రయాణంలోనే వందమందికి పైగా చనిపోయారు. మీరు అనవసరంగా బయల్దేరితే గాల్వెస్టన్ నుంచి తప్పనిసరిగా రావాల్సిన కుటుంబానికి దారి మూసినట్టే.

వెళ్లేటప్పుడు కూడా మరీ దూరం అక్కర్లేదు. ఉప్పెన జోన్ దాటి, వరద రాని ఎత్తైన చోట, గట్టి భవనంలో ఉంటే చాలు. కొన్ని పదుల మైళ్లు సరిపోయే చోట వందల మైళ్లు పోతే పెట్రోలు దొరకదు, హోటల్ దొరకదు, తిరిగి రావడమూ కష్టమే.

వెళ్లే చోట్లు మూడు రాసుకోండి:

- లోపలి ప్రాంతంలో ఉన్న స్నేహితులు, బంధువులు. "సీజన్‌లో అవసరమైతే వస్తాం" అని ముందే అడిగి ఉంచండి. ఎదుటివాళ్లకూ ఏర్పాటు చేసుకునే వీలుంటుంది.
- రద్దు చేసుకునే వీలున్న హోటల్. తుఫాను మీవైపు రావొచ్చని తెలిసిన రోజునే బుక్ చేయండి, అవసరం లేకపోతే రద్దు చేసుకోవచ్చు.
- కౌంటీ షెల్టర్. ఇది ప్రాణం కాపాడే చోటు, సౌకర్యం ఆశించకండి. పరుపు, దుప్పటి, మందులు మీరే తీసుకెళ్లాలి. శాకాహారులకు సరిపడే భోజనం ఉంటుందన్న నమ్మకం లేదు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి. పెంపుడు జంతువులను అన్ని షెల్టర్లూ రానివ్వవు.

కారు లేని విద్యార్థులు, పెద్దవాళ్లు 211కు ఫోన్ చేసి రవాణా గురించి అడగొచ్చు. టెక్సాస్‌లో సహాయం అవసరమైనవాళ్లు స్టియర్ అనే రిజిస్ట్రీలో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు, దానికి కూడా 211 నంబరే.

## 4. కాగితాల సంచి

వీసా మీద ఉన్నవాళ్లకు ఒక్క కాగితం పోయినా మళ్లీ తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే నీరు చొరబడని సంచిలో అసలు ప్రతులన్నీ ఒకేచోట ఉండాలి. ఫోన్‌లో స్కాన్ ఉన్నా అసలువి వెంట తీసుకెళ్లాల్సిందే.

- పాస్‌పోర్టులు (పిల్లలవి, ఉంటే పాతవి కూడా), వీసా, ఐ-94 ప్రింట్
- ఐ-797, ఐ-20, ఈఏడీ, గ్రీన్ కార్డు, ఎవరికి ఏది ఉంటే అది
- సోషల్ సెక్యూరిటీ కార్డులు, బర్త్ సర్టిఫికెట్లు, మ్యారేజ్ సర్టిఫికెట్
- డిగ్రీ పట్టాలు, ట్రాన్‌స్క్రిప్టులు
- లీజ్ లేదా ఇంటి పత్రాలు, పాలసీల మొదటి పేజీలు
- ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద
- చిన్న నోట్లలో నగదు. కరెంటు లేకపోతే ఏటీఎం, కార్డు మెషీన్ రెండూ పనిచేయవు.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే వాళ్లకోసం విడిగా ఒక కార్డు రాయండి. పేరు, వయసు, జబ్బులు, వాడే మందుల జనరిక్ పేర్లు, మోతాదు, మీ ఫోన్ నంబరు, విజిటర్ ఇన్సూరెన్స్ నంబరు, అన్నీ ఇంగ్లిష్‌లో. ఇండియాలో వాడే బ్రాండ్ పేరు ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు. ఆ కార్డు వాళ్ల జేబులోనే ఉండాలి, మీ బ్యాగులో కాదు.

## 5. నీళ్లు, తిండి, మందులు

నీళ్లతో మొదలుపెట్టండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే సుమారు 3.8 లీటర్లు. నలుగురి ఇంటికి వారానికి 28 గ్యాలన్లు. అన్నీ సీసాలు కొనక్కర్లేదు. శుభ్రంగా కడిగిన పెద్ద పాత్రల్లో తుఫానుకు ముందురోజు పంపు నీళ్లు పట్టి మూతలు పెట్టండి. బాత్‌టబ్ కూడా నింపండి, ఆ నీళ్లు టాయిలెట్‌కు పనికొస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ బాత్‌రూమ్ తలుపు తాళం వేసి ఉంచాలి.

అపార్ట్‌మెంట్ పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కరెంటు పోతే లిఫ్టుతో పాటు నీళ్లు పైకెక్కించే పంపు కూడా ఆగిపోవచ్చు.

తిండి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు, బియ్యం బస్తా ఉందని ధైర్యంగా ఉండడం. ఎలక్ట్రిక్ స్టవ్, రైస్ కుక్కర్ ఉన్న ఇంట్లో కరెంటు పోతే ఆ బస్తాతో ప్రయోజనం లేదు. వండకుండా, ఎక్కువ నీళ్లు వాడకుండా తినగలిగేవి కావాలి:

- అటుకులు (తడిపి, ఉప్పు, పొడి లేదా పచ్చడి కలిపితే భోజనమే), మరమరాలు, వేయించిన శనగలు
- బ్రెడ్, పీనట్ బటర్, డబ్బాలో వచ్చే బీన్స్, శనగలు, పళ్లు; చేత్తో తిప్పే క్యాన్ ఓపెనర్
- జంతికలు, సున్నుండలు లాంటి నిలవ ఉండేవి
- కాచకుండానే నిలవ ఉండే టెట్రా ప్యాక్ పాలు, పాపాయి ఉంటే ఫార్ములా
- ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు

తుఫాను వచ్చే ఉదయం పులిహోర కలిపి ఉంచితే ఆ రోజుకు వంట బెడద ఉండదు.

తలుపు తెరవకపోతే ఫ్రిజ్ 4 గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు. కాబట్టి ఫ్రీజర్‌లో ఖాళీ జాగా ఉంటే డబ్బాల్లో నీళ్లు పోసి గడ్డకట్టించండి. చల్లదనం నిలుస్తుంది, తర్వాత తాగడానికీ పనికొస్తాయి.

మందులు కనీసం రెండు వారాలకు ఉండాలి. చాలా రాష్ట్రాల్లో ఎమర్జెన్సీ ప్రకటించాక ముందస్తు రీఫిల్‌కు వీలుంటుంది, ఫార్మసీని అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్లకు చల్లగా ఉంచే పౌచ్ కొనిపెట్టండి.

టార్చిలైట్లు మనిషికొకటి. కొవ్వొత్తులు వద్దు. గాలివానలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాలేదు. బ్యాటరీతో నడిచే రేడియో, పవర్ బ్యాంకులు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, దోమల మందు, పాపాయికి తగ్గ డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కూడా పెట్టుకోండి.

## 6. కరెంటు, జనరేటర్

కేటగిరీ 1 అని తేలిగ్గా తీసుకునేవాళ్లకు 2024 జులైలో బెరిల్ సంగతి చెప్పాలి. కేటగిరీ 1గానే తీరం దాటిన ఆ తుఫానుకు హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి తిరిగి రావడానికి వారం దాటింది, అదీ నడి వేసవిలో.

జనరేటర్ కొనాలా అని అడిగితే, సొంత ఇల్లు, బయట జాగా, జాగ్రత్తగా నడిపే ఓపిక ఉంటేనే కొనమంటాను. అపార్ట్‌మెంట్ వాళ్లకు రీచార్జబుల్ పవర్ స్టేషన్ మేలు. ఫోన్లు, చిన్న ఫ్యాను, సీపాప్ మెషీన్ (నిద్రలో శ్వాసకు సాయపడేది) లాంటివాటికి అది చాలు, పొగ రాదు.

జనరేటర్ నియమాల్లో సడలింపు లేదు:

- ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురుగా లేకుండా పెట్టాలి.
- గరాజ్‌లో, తలుపు తీసి ఉంచినా సరే, పెట్టకూడదు. బాల్కనీలోనూ వద్దు.
- ఇంట్లో బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
- ఇంటి గోడ సాకెట్‌లోకి నేరుగా గుచ్చకూడదు. ఆ కరెంటు బయటి లైన్లలోకి పోయి రిపేరు చేసే లైన్‌మ్యాన్‌ను చంపుతుంది. ఇంటికి కలపాలంటే ఎలక్ట్రీషియన్ చేత ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించాలి.
- వేడిగా ఉన్నప్పుడు ఇంధనం పోయకూడదు.

బొగ్గుల గ్రిల్, క్యాంప్ స్టవ్ ఇంట్లో వెలిగించడం కూడా ఇంతే ప్రమాదం.

## 7. సూచనలను సరిగా చదవడం

మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ చెప్పేదే ఆధారం. అది 6 గంటలకోసారి అడ్వైజరీ ఇస్తుంది: ఈస్టర్న్ వేసవి సమయం ప్రకారం ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11. హ్యూస్టన్‌లో గంట ముందు. ఆ వేళల్లో చూస్తే చాలు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పది రోజుల మ్యాపులు చూసి గుండెలు బాదుకోవద్దు.

తుఫాను దారి అంచనాను శంకువు ఆకారంలో చూపే కోన్ బొమ్మను చాలామంది తప్పుగా చదువుతారు. తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చో మాత్రమే అది చూపిస్తుంది. గాలి, వాన, ఉప్పెన ఎంతదూరం విస్తరిస్తాయో అందులో ఉండదు. పైగా మూడింట ఒకసారి కేంద్రం కూడా కోన్ దాటిపోతుంది. 2022లో ఇయాన్ వస్తున్నప్పుడు చాలామంది దృష్టి టాంపా మీదే ఉంది. అది ఇంకా దక్షిణాన కాయో కోస్టా దగ్గర తీరం దాటింది, ఫోర్ట్ మైయర్స్ బీచ్‌ను ఉప్పెన ముంచెత్తింది. మధ్య గీతను పట్టుకుని "మనం తప్పించుకున్నాం" అనుకోకండి.

కేటగిరీ అంటే గాలి వేగం ఒక్కటే. గంటకు 74 మైళ్లకు చేరితే కేటగిరీ 1, 157 మైళ్లు, ఆపైన అయితే 5. వాన ఎంత, ఉప్పెన ఎంత అన్నది ఆ అంకె చెప్పదు. అమెరికాలో 1963 నుంచి 2012 వరకు ఈ తుఫానుల తాకిడికి నేరుగా చనిపోయినవారిలో పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది నీటివల్లే పోయారు.

వాచ్ అంటే మీ ప్రాంతంలో హరికేన్ పరిస్థితులు రావొచ్చని. గాలులు ఉధృతమయ్యే సమయానికి 48 గంటల ముందు ఇస్తారు. వార్నింగ్ అంటే వస్తాయని, 36 గంటల ముందు. వార్నింగ్ వచ్చేదాకా ఆగితే షాపుల్లో నీళ్లుండవు, రోడ్డు మీద జాగా ఉండదు. 2024 అక్టోబరులో మిల్టన్ ఒక్క రోజులోపే కేటగిరీ 1 నుంచి 5కు చేరింది. "ఇంకా చిన్నదే కదా, రేపు చూద్దాం" అన్న లెక్క ఈ సముద్రం దగ్గర పనికిరాదు.

## 8. రోజులు దగ్గరపడుతుంటే

5 రోజుల ముందు: హోటల్ బుక్ చేయండి. మందులు రీఫిల్ చేయించండి. కారు ట్యాంకు నింపండి. నిజానికి సీజన్ మొత్తం ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోవడం మంచి అలవాటు.

3 రోజుల ముందు: బట్టలు ఉతికేయండి. షాపు పని ముగించండి. ఆఫీసులో మేనేజర్‌కు చెప్పండి. కిటికీలకు షటర్లు ఉంటే వేయడం మొదలుపెట్టండి. లేకపోతే 5/8 అంగుళాల ఎక్స్‌టీరియర్ ప్లైవుడ్ బిగించాలి, ముక్కలు మాత్రం మే నెలలోనే కొలిచి కోయించి నంబర్లు వేసి ఉంచుకోవాలి. అద్దాలకు ఎక్స్ ఆకారంలో టేపు అంటించడం దండగ. అద్దం పగలకుండా అది ఆపదు, పైగా ముక్కలు పెద్దవిగా పడతాయి. అద్దె ఇల్లయితే షటర్ల సంగతి ఓనర్‌కు రాతపూర్వకంగా అడగండి.

2 రోజుల ముందు: పెరట్లో, బాల్కనీలో గాలికి ఎగిరేవన్నీ లోపలికి: తులసి కుండీ, కుర్చీలు, సైకిళ్లు, చెత్త డబ్బా. ఇవే ఆ గాలికి ఎదుటింటి కిటికీలను పగలగొట్టేవి. వెళ్లాల్సినవాళ్లు ఈ రోజే, వెలుగుండగానే బయల్దేరాలి. ఎలక్ట్రిక్ కారును నిండా చార్జ్ చేయండి, దారిలో చార్జర్లు ఖాళీగా ఉంటాయన్న ఆశ వద్దు.

ముందురోజు: నీళ్లు పట్టండి, ఫ్రిజ్ బాగా చల్లగా తిప్పండి, అన్నీ చార్జ్ చేయండి. ఇంట్లోనే ఉండేవాళ్లు కారును చెట్ల కింద, పల్లంలో పెట్టకండి. ఇండియాలో ఒకరికి, ఇక్కడ వేరే రాష్ట్రంలో ఒకరికి మీ ప్లాన్ చెప్పండి. తర్వాత మీరు ఒక్కరికి మెసేజ్ పెడితే వాళ్లు అందరికీ చెబుతారు. మామూలు ఫోన్ కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్లే అవకాశం ఎక్కువ.

ఇల్లు వదిలి వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు:

- అధికారులు చెబితే గ్యాస్ ఆపండి
- విలువైన వస్తువులు, ఎలక్ట్రానిక్స్ నేలమీంచి పైకి
- లోపలి గదుల తలుపులన్నీ మూయండి
- కాగితాల సంచి, మందులు, పిల్లల సామాను కారులో ఉన్నాయా, మరోసారి చూడండి

## 9. తుఫాను మీదికి వచ్చినప్పుడు

కిటికీలు లేని లోపలి గదిలో, నీరు రాని అంతస్తుల్లో కిందిదానిలో ఉండండి. హాలు మధ్య క్లోజెట్, బాత్‌రూమ్ లాంటివి మంచివి. లోపలి తలుపులు మూసి ఉంచితే కిటికీ పగిలినా పైకప్పు మీద ఒత్తిడి తగ్గుతుంది. "గాలి సమానం కావడానికి కిటికీ కొంచెం తీయాలి" అని ఎవరైనా చెబితే వినకండి.

గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తెరిపిచ్చినట్టు కనిపిస్తే అది తుఫాను కన్ను కావొచ్చు. బయటికి వెళ్లకండి. కాసేపటికి గాలి ఎదురు దిశ నుంచి అంతే బలంగా వస్తుంది.

టోర్నడో వార్నింగ్‌లు ఫోన్‌కు వస్తాయి, కాబట్టి ఎమర్జెన్సీ అలర్ట్స్ ఆఫ్ చేయవద్దు. గాలి మరీ ఉధృతంగా ఉన్నప్పుడు అంబులెన్స్, ఫైరింజన్ బయటికి రావు. 911 ఎత్తినా మనిషి రావడానికి గాలి తగ్గాలి.

నీరు ఇంట్లోకి వస్తుంటే పై అంతస్తుకు వెళ్లండి. బయటికి దారిలేని అటకలోకి మాత్రం ఎక్కవద్దు, నీరు పెరిగితే అక్కడే చిక్కుకుపోతారు.

## 10. గాలి ఆగాక

ఈ తీరంలో తుఫాను దాటిపోయాక కూడా చాలామంది చనిపోతుంటారు. జనరేటర్ పొగ, తెగిన కరెంటు తీగలు, నీటిలో కారు నడపడం, ఎండదెబ్బ, చెట్లు నరికేటప్పుడు ప్రమాదాలు, ఇవీ కారణాలు.

పారే నీరు 6 అంగుళాలుంటే మనిషి పడిపోతాడు. ఒక అడుగు నీరు చిన్న కార్లను కదిలిస్తుంది. రెండు అడుగులైతే ఎస్‌యూవీ కూడా కొట్టుకుపోతుంది. రోడ్డు మీద నీరు కనిపిస్తే వెనక్కి తిరగండి.

బాయిల్ వాటర్ నోటీస్ (పంపు నీళ్లు కాచి తాగమనే హెచ్చరిక) ఉంటే నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వాలి. కాచే వీలు లేకపోతే, సువాసన కలపని 6 శాతం బ్లీచ్ గ్యాలన్‌కు 8 చుక్కలు వేసి 30 నిమిషాలు ఉంచాలి.

ఉప్పునీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కారు, ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలు రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. చార్జ్ పెట్టి చూడకండి. టో చేయించి భవనాలకు 50 అడుగుల దూరంలో ఉంచాలి.

ఇంట్లోకి నీరొస్తే వరుస ఇది:

1. వాసన, తీగలు చూసి, సురక్షితం అనిపించాకే లోపలికి వెళ్లండి.
2. ఏదీ కదిలించకముందు ఫోటోలు, వీడియో తీయండి. నీటి మట్టం గోడ మీద ఎక్కడిదాకా వచ్చిందో కొలతతో తీయండి.
3. ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. గాలి నష్టం, నీటి నష్టం వేర్వేరు పాలసీలైతే రెండు క్లెయిమ్‌లు వేయాలి.
4. తడిసిన కార్పెట్, గోడ కింది షీట్‌రాక్ (గోడకు వాడే జిప్సం పలక) తీసేయడం మొదలుపెట్టండి. 24 నుంచి 48 గంటల్లో బూజు పడుతుంది. అడ్జస్టర్ (నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ మనిషి) వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఫోటోలతో పాటు తీసేసినవాటి ముక్క ఒకటి దాచండి.
5. ప్రతి ఖర్చుకూ రసీదు ఉంచండి.
6. తలుపు తట్టి "ఇప్పుడే సంతకం పెట్టండి, సగం డబ్బు ముందివ్వండి" అనే కాంట్రాక్టర్‌ను పంపించేయండి. లైసెన్స్ నంబర్ రాష్ట్ర సైట్‌లో చూసుకున్నాకే మాట్లాడండి.

ఫెమా సహాయం గురించి వీసా మీద ఉన్నవాళ్లలో అపోహలు ఎక్కువ. షెల్టర్, తిండి, నీళ్లు, అత్యవసర వైద్యం లాంటివి ఎవరికైనా అందుతాయి, ఇమిగ్రేషన్ స్టేటస్‌తో పనిలేదు. నగదు సహాయానికి సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు వంటి అర్హులే దరఖాస్తు చేయాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్లు ఆ జాబితాలో లేరు. అయితే ఇంట్లో ఇక్కడే పుట్టిన, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉన్న చిన్నపిల్లలుంటే, తల్లిదండ్రులు ఆ బిడ్డ తరఫున దరఖాస్తు చేయొచ్చు. నంబర్ 1-800-621-3362, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు. డిజాస్టర్ ప్రకటించిన రోజు నుంచి మామూలుగా 60 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్స్ ఉంటే ముందు ఆ క్లెయిమ్ వేసి, వాళ్లు ఇచ్చిన లెటర్ జతచేయాలి.

ఇల్లు ఉండలేని స్థితిలో ఉండి వేరే ఇంటికి మారాల్సి వస్తే, వీసా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు దాదాపు అందరూ మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (ఇమిగ్రేషన్ శాఖకు అడ్రసు మార్పు తెలిపే ఫారం) ద్వారా కొత్త అడ్రసు తెలపాలి. ఆన్‌లైన్‌లోనే అవుతుంది. పెండింగ్‌లో ఉన్న దరఖాస్తులకు కూడా అడ్రసు మార్చండి, లేకపోతే ఈఏడీ కార్డు పాత ఇంటి పోస్టు డబ్బాకే వెళుతుంది.